శనివారం బండి

పడుకోని మంచాన్ని పడుకున్నట్టు నలపడం ఎంత కష్టమో ఉనైసికి ఆ పొద్దున తెలిసింది. దిండు మధ్యలో పిడికిలితో గుద్ది తల పట్టేంత పల్లం చేసింది. చెయ్యి తీయగానే దిండు మళ్ళీ ఉబ్బింది. దుప్పటి అంచు పీకి, మోకాలు ఆనించి అటూ ఇటూ తోసింది. నిన్న ఈ గదిలోకి రాగానే మొగుడూ పెళ్ళాం ఆ మంచం అంచున కూర్చున్నారు. నడుము లోపలికి దిగబడిపోతుంటే బురదలో కాలు పెట్టినవాళ్ళలా ఇద్దరూ ఒక్కసారే లేచారు. ఇంటి నుంచి తెచ్చిన చాప తివాచీ మీద పరుచుకుని పడుకున్నారు.

"పొద్దున్నే ఆ మంచంతో కుస్తీ ఏంటి?" అన్నాడు వైసాకే. నడుముకి సులూ లుంగీ చుట్టుకుని కిటికీ దగ్గర నిలబడి నదిని చూస్తున్నాడు. ఏడో అంతస్తు. కిటికీ తెరుచుకోదు.

"ఎవరో ఇచ్చిన పక్క. ముట్టుకోలేదంటే వాళ్ళకి ఎంత చిన్నతనం?"

"వాళ్ళకేం తెలుస్తుంది?"

"మనకి తెలుస్తుందిగా."

వైసాకే మళ్ళీ కిటికీలోంచి చూశాడు. కింద గోధుమరంగు నీళ్ళ మీద పడవలు బస్సుల్లా ఆగి మనుషుల్ని ఎక్కించుకుంటున్నాయి. అవతలి ఒడ్డున అద్దాల మేడలు. వంతెన కింద మాత్రం మడచెట్లు కొన్ని ఊరి చెట్లలాగే వేళ్ళు బయటపెట్టుకుని ఉన్నాయి. "ఈ నదికి మన రేవా నది అంత బురద ఉంది. వాసనే తెలియడం లేదు" అన్నాడు.

తలుపు తట్టి గది సర్దే ఆవిడ వచ్చింది. యాభై దాటిన మనిషి, మెడలో పసుపుతాడు, చేతిలో తెల్లటి దుప్పట్ల కట్ట. ఇద్దర్నీ చూడగానే మొహం విప్పారింది. "బులా! మన ఫిజీ వాళ్ళేనా! మాది లంబాసా. నా పేరు ధన్‌మతి" అని వాళ్ళ భాషలోనే అంది. మంచం వైపు ఒక్క చూపు చూసి నవ్వింది. "వదినా, ఇది మనిషి పడుకున్న నలుపు కాదు. ఇరవై రెండేళ్ళుగా మంచాలు సర్దుతున్నాను. నన్ను మోసం చెయ్యలేరు."

ఉనైసి సిగ్గుపడింది. "నడుము పట్టేస్తుందని."

"నేనూ ఇంతే. మా కోడలు పరుపు కొంది. అది పరుపు మీద, నేను నేల మీద." ధన్‌మతి దుప్పటి దులుపుతూ అడిగింది. "పెళ్ళికొచ్చారా? ఇక్కడ దిగేవాళ్ళంతా పెళ్ళిళ్ళకే వస్తారు."

ఉనైసి చెప్పింది. "మా అబ్బాయి పోయాడు. టమాటా తోటల్లో పనికొచ్చాడు. ఎల్లుండి కోర్టులో విచారణ."

ధన్‌మతి చేతులు ఆగిపోయాయి. దుప్పటి సగం మంచం మీద, సగం ఆమె చేతుల్లో ఉండిపోయింది. "ఈ హోటల్లో ఎవరు దింపారు మిమ్మల్ని?"

"వాడు పని చేసిన కంపెనీవాళ్ళు."

"ఊఁ" అంది ధన్‌మతి. వంగి దుప్పటి మూలని పరుపు కిందికి మడిచి దోపింది. అరచేత్తో ఒకటికి రెండుసార్లు నొక్కింది. వెళ్ళేటప్పుడు మాత్రం, "ఆ కోర్టు వంతెన దాటగానే. నడిచే పోవచ్చు. వాళ్ళ కారే ఎక్కాలని ఏమీ లేదు" అని తలుపు మూసింది.

*

రోజూ ప్రార్థన అయ్యాక వైసాకే ఫోను తీసి చాప మీద పెడతాడు. పోయిన ఏడాది నుంచీ అంతే. ఆ ఫోనులో కొడుకు ఇనోకే గొంతు మూడుసార్లు ఉంది.

మంగళవారంది మొదటిది. "నాన్నా, అమ్మా, ఒళ్ళు కాలిపోతోంది. నాలుగు వరసలు కోసేసరికి కళ్ళు తిరిగాయి. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళమని అడిగాను. శనివారం బండి ఊళ్ళోకి వెళ్తుంది, అప్పుడు ఎక్కు అన్నారు. ఏం లేదులే, కంగారు పడకండి. గుడి మీద రేకులు వేశారా?"

బుధవారం, "ఛాతీలో పొడుస్తోంది. బండి ఇక్కడే ఉంది కానీ కోతకి కావాలట. మళ్ళీ అడిగాను. శనివారమే అన్నారు."

గురువారం దాన్లో మాటలకన్నా ఊపిరే ఎక్కువ. "అమ్మా, ప్రార్థన చెయ్యి. శనివారం ఇంకా ఎంత దూరం?"

శుక్రవారం తెల్లారేసరికి పోయాడు. ఇరవై మూడేళ్ళు. అతని పెట్టె ఇంటికి వచ్చింది, బూట్లు వచ్చాయి, బైబిలు వచ్చింది. ఫోను రాలేదు. తోటి పనివాళ్ళు ఒక్కరూ నోరు విప్పలేదు. విప్పితే మళ్ళీ ఏడు వాళ్ళని ఎవరు రానిస్తారు? బిడ్డ డాక్టరు కోసం అడిగాడనడానికి వైసాకే ఫోను తప్ప ఈ లోకంలో మరో సాక్ష్యం లేదు. దాన్ని ఎల్లుండి శుక్రవారం జడ్జి ముందు పెట్టడానికే వాళ్ళు సముద్రం దాటి వచ్చారు.

'అన్నారు' అనే అంటాడు ఇనోకే. ఎవరన్నారో చెప్పడు.

*

ఆ రోజు, బుధవారం మధ్యాహ్నం, కలియోవా వచ్చాడు. అతను వాళ్ళ జిల్లావాడే. పదిహేనేళ్ళ కిందట వచ్చి స్థిరపడ్డాడు, ఊళ్ళ నుంచి పనివాళ్ళని తెచ్చేదీ, తోటలో వాళ్ళ మంచీ చెడ్డా చూసేదీ అతనే. ఇనోకేని విమానం ఎక్కించిందీ అతనే, శవపేటిక వెంట వచ్చి ఊళ్ళో వారం రోజులు నేల మీద పడుకున్నదీ అతనే. అతని వెనక కంపెనీ యజమాని హాలొవే, ఎర్రటి మొహంతో పొడుగ్గా, వాకిట్లో ఆగిపోయాడు.

"లోపలికి రమ్మను. చెప్పులు విప్పమను" అన్నాడు వైసాకే.

"విప్పాడన్నా. ఆయనకి అన్నీ నేర్పించే తెచ్చాను."

హాలొవే మేజోళ్ళతో వచ్చి చాప మీద కాళ్ళు మడవబోయి, మడవలేక, ఒక పక్కకి ఒరిగి కూర్చున్నాడు. కలియోవా మోకాళ్ళ మీద దిగాడు. చేతిసంచీలోంచి తువ్వాలు మూట తీసి విప్పాడు. పసుపుపచ్చగా తేలిన తిమింగలం దంతం. రెండు చివరలకీ కొబ్బరిపీచు తాడు.

క్షమించమని అడిగేవాళ్ళు చాచే దంతం అది. తాంబువా.

ఆమె వెంటనే వెనక్కి జరిగి గోడ వారగా కూర్చుంది. దంతం వచ్చిన చోట ఆడవాళ్ళు వెనకే. మాట మగవాళ్ళది, అందుకునే చేతులు మగవాళ్ళవి.

కలియోవా తల వంచి దంతాన్ని రెండు చేతుల మీదా ఎత్తాడు. "వైసాకే అన్నా, మీ ఇంటి గడప ముందు దుమ్ములో కూర్చున్నాం. మీ రక్తం మా దగ్గరికి వచ్చింది, మేం నిలబెట్టుకోలేకపోయాం. మా వల్ల మీకు జరిగినదాన్ని ఈ దంతం కింద పాతిపెట్టమని వేడుకుంటున్నాం. మీ కడుపులో మంట ఇక్కడితో చల్లారాలి. ఈ మాట దీనితో సమాధి కావాలి."

హాలొవే అతన్ని చూసి తనూ తల వంచాడు.

వైసాకే అందుకోలేదు. గదిలో చల్లగాలి యంత్రం చిన్నగా మూలుగుతోంది. ఉనైసి మొగుడి వీపునే చూస్తోంది. ఆ వీపు ఊళ్ళో ఎన్ని గొడవలు ఇలా ముగించిందో ఆమెకి తెలుసు. పొలం గట్లు, పారిపోయిన పిల్లలు, ఒకసారి కత్తిపోటు కూడా. దంతం ముందుకు చాచినవాణ్ణి ఖాళీ చేతులతో పంపినవాడు వాళ్ళ వంశంలో లేడు. అడిగినవాడు నేల మీద ఉన్నాడు. దేవుడి మాటా అదే, పెద్దల మాటా అదే.

కలియోవా ఎత్తిన చేతులు కొంచెం కొంచెంగా కిందికి దిగుతున్నాయి. దంతం బరువు ఎక్కువేం కాదు.

వైసాకే చేతులు లేచాయి. అతను లేపినట్టు కూడా లేదు. అవే వెళ్ళి తాడునీ దంతాన్నీ కలిపి పట్టుకున్నాయి. "అందుకున్నాను" అన్నాడు. "నా ఇంటి తరఫున అందుకున్నాను. ఇది అయిపోయింది."

కలియోవా దోసిలి బోలుగా పట్టి, ఊరి మర్యాద ప్రకారం మూడుసార్లు చప్పట్లు చరిచాడు. హాలొవే మూడోదానికి కలిశాడు. తర్వాత లేచి, వైసాకే భుజం తట్టి, గది బాగుందా, భోజనం బాగుందా, ఏం కావాలన్నా కింద అడగండి, అన్నీ కంపెనీ చూసుకుంటుంది అని ఇంగ్లీషులో చెప్పాడు. కలియోవా అనువదించాడు. పడవ షికారు కూడా ఉందట.

తలుపు పడ్డాక ఉనైసి అడిగింది. "ఏం తప్పు చేశారో చెప్పారా?"

"జరిగినదన్నాడుగా."

"ఏం జరిగిందని? బండి ఎవరు ఇవ్వలేదని? పెంకు పగలగొట్టిన పిల్లాడు కూడా పెంకు పగలగొట్టానని చెప్పి ఏడుస్తాడు."

"నేల మీద కూర్చుని అడిగాడే. నన్నేం చెయ్యమంటావు, కాలితో తన్నమంటావా?" అన్నాడు వైసాకే. దంతాన్ని తువ్వాల్లో మళ్ళీ చుట్టాడు. చుట్టడం చాలాసేపు పట్టింది.

*

గురువారం పొద్దున ప్రార్థన వైసాకే చేశాడు. క్షమించమని అడిగే చోట ఆగి, ఆ మాట రెండుసార్లు అన్నాడు. ఉనైసి కళ్ళు మూసుకునే చెయ్యి చాచి ఫోను కోసం చాప తడిమింది. ఫోను లేదు.

"ఇవాళ పెట్టలేదేం?"

"లేవు."

"ఏం లేవు?"

అతను ఫోను ఆమె ఒళ్ళో పెట్టాడు. ఆమె వేలుతో పైకీ కిందికీ జరిపింది. కొడుకు పేరు ఉంది. దాని కింద చిన్నప్పటి బొమ్మ ఉంది. కింద ఖాళీ.

"నువ్వు స్నానానికి వెళ్ళినప్పుడు చెరిపేశాను" అన్నాడు వైసాకే. గొంతు మామూలుగానే ఉంది, కళ్ళ చుట్టూ మాత్రం వాచి ఉంది. "దంతం అందుకుని, ఆ మంటని జేబులో దాచుకోవడమేంటి? అది అందుకోవడం కాదు, అబద్ధం. మా నాన్న కత్తిపోటు గొడవలో ఆ కత్తిని కూడా నదిలో వేయించాడు."

ఉనైసి ఏడవలేదు. ఫోనుని చెవి దగ్గర పెట్టుకుంది, తీసింది. మళ్ళీ పెట్టుకుంది.

"వాడి గొంతయ్యా అది. కత్తి కాదు."

"నాకు తెలియదా?"

"దేవుడు క్షమించమన్నాడు. సరే. చెరిపెయ్యమన్నాడా?"

ముప్పై ఏళ్ళు గుడిలో పెద్దగా ఉన్న మనిషి. "తేడా నాకు తెలియలేదే" అన్నాడు వైసాకే. మొహం గోడ వైపు తిప్పుకున్నాడు.

పదింటికి కలియోవా వచ్చాడు, రేపటి కారు సంగతి చెప్పడానికి. చేతిలో వాళ్ళ కోసం ఉడకబెట్టిన కర్రపెండలం గిన్నె. "అన్నా, ఈ హోటలు తిండి తిని తిని నోరు చచ్చిపోయి ఉంటుంది. మా ఆవిడ పంపింది."

"తమ్ముడూ, మొత్తం పాతిపెట్టేశాను. ఫోన్లోవి కూడా. రేపు నేను అక్కడ ఏమీ చెప్పను. మా మధ్య అయిపోయిందని చెప్తాను" అన్నాడు వైసాకే.

ఉనైసి గిన్నె అందుకుంటూ కలియోవాని చూసింది. అతని భుజాలు కిందికి దిగాయి. పొద్దుటి నుంచీ మూట మోసి దించిన కూలివాడి భుజాల్లా. వెంటనే సర్దుకుని, "దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలన్నా" అన్నాడు. ఆ భుజాలు యజమాని కోసం దిగినవి కావని ఆమెకి అనిపించింది.

"కలియోవా, నన్ను నది దాకా తీసుకెళ్ళు. గాలి ఆడటం లేదు" అంది.

కింద నది వెంట నడిచే బాటలో జనం కుక్కల్ని పట్టుకుని పరిగెడుతున్నారు. ఉనైసి కమ్మీ పట్టుకుని నిలబడింది. కింద మడచెట్ల వేళ్ళ మధ్య ఒక ప్లాస్టిక్ సీసా అలకి పైకి లేస్తూ పడుతోంది.

"శనివారం అన్నది ఎవరు?"

కలియోవా నీళ్ళకేసి చూశాడు.

"అన్నయ్య అందుకున్నాడు వదినా. అయిపోయిందన్నాడు."

"అన్నయ్యని అడగలేదు, నిన్ను అడిగాను. వాడు నిన్ను బాబాయ్ అనేవాడు."

అతను కమ్మీ మీద రెండు మోచేతులూ ఆనించి వంగాడు. "కోత అయ్యేదాకా బండి కదపొద్దని హాలొవే చెప్పాడు. కానీ తాళంచెవులు నా జేబులో ఉన్నాయి. మూడు రోజులూ ఉన్నాయి. ఆసుపత్రి ఇరవై నిమిషాలు. మంగళవారం నేనే అన్నాను. బుధవారం నేనే అన్నాను. గురువారం వాడు నన్ను అడగలేదు వదినా. తలుపు దగ్గరికి వచ్చి నా మొహం చూసి వెళ్ళిపోయాడు."

"ఎందుకు కదపలేదు?"

"ముందు వారం ఒకణ్ణి అలాగే తీసుకెళ్తే, వాడికి జలుబు అన్నారు. హాలొవే అందరి ముందూ నన్ను ఆడిపోసుకున్నాడు. మళ్ళీ మాట పడకూడదనుకున్నాను." ముక్కు తుడుచుకున్నాడు. "అంతే వదినా. ఇంకే కారణం లేదు."

"రేపు అక్కడ చెప్తావా?"

"నాకు ముగ్గురు పిల్లలు."

ఉనైసి కర్రపెండలం గిన్నె ఇంకా చేతిలోనే పట్టుకుని ఉంది. మూత మీద ఆవిరి చుక్కలు పట్టాయి. అతన్ని కొట్టడానికి చెయ్యి రాలేదు, ఓదార్చడానికీ రాలేదు. "వెళ్ళు. పనికి ఆలస్యమవుతుంది" అంది.

గదికి వెళ్ళి మొగుడితో చెప్పబోయింది. మొదటి మాటకే వైసాకే చెవులు మూసుకున్నాడు. "పేరు చెప్పకు! నా చేతులు దంతం పట్టేశాయి. ఇక నేను వినకూడదు, అనకూడదు."

*

శుక్రవారం కారు వచ్చి నిలబడింది. ఉనైసి ఎక్కనంది. వైసాకే ఆమె పక్కన నడిచాడు. వంతెన మీద గాలికి అతని సులూ పటపటలాడింది. ఇద్దరూ గుడికి వెళ్ళే బట్టల్లో ఉన్నారు, నడుముకి, చావు జరిగిన ఇంటివాళ్ళు కట్టుకునే నల్లబడిన చాప చుట్టుకుని.

కోర్టు గది ఆమె అనుకున్నంత పెద్దది కాదు. బడి గది అంత ఉంది. ఎత్తైన బల్ల వెనక కళ్ళజోడు పెట్టుకున్న ఆడ జడ్జి. ముందు వరసలో హాలొవే, అతని లాయర్లు. చివరి వరసలో తలుపు పక్కన కలియోవా. మాటలు తర్జుమా చేయడానికి కోర్టువాళ్ళు ఒక ఫిజీ అమ్మాయిని పెట్టారు.

వైసాకే బైబిలు మీద చెయ్యి పెట్టాడు. చెయ్యి తీయడానికి తటపటాయించాడు.

"మీ అబ్బాయి జబ్బుగా ఉందని మీకు కబురు పంపాడా?"

"పంపాడు."

"ఆ సందేశాలు మీ దగ్గర ఉన్నాయా?"

"లేవమ్మా."

"ఏమయ్యాయి?"

"పాతిపెట్టాను."

తర్జుమా అమ్మాయి ఒక్క క్షణం తడబడి, చెరిపేశారట అని ఇంగ్లీషులో చెప్పింది. లాయర్లలో ఒకడు కాగితం మీద ఏదో గీత పెట్టాడు.

"వాటిలో ఏముంది? డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళడానికి ఒప్పుకోనిది ఎవరు?"

వైసాకే నోరు తెరిచాడు. చెప్పడానికి ప్రమాణం చేశాడు, చెప్పకుండా ఉండటానికి దంతం పట్టాడు. అతను రెండింటి మధ్యా నిలబడి చెమటలు కక్కడం ఉనైసి చూసింది. ముప్పై ఏళ్ళలో ఆ మనిషి ఒక్క మాట తప్పడం ఆమె చూడలేదు.

"ఆ మాట మా మధ్య అయిపోయిందమ్మా. నన్ను అడగొద్దు" అన్నాడు. కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకున్నాడు.

గదిలో కాగితాలు సర్దుకుంటున్న చప్పుడు మొదలైంది. హాలొవే లాయరు కలానికి మూత పెట్టాడు.

ఉనైసి లేచింది. ఎవరూ పిలవలేదు. లేచాక ఏం చేయాలో తెలియక, గుడిలో నిలబడ్డట్టు చేతులు కట్టుకుని నిలబడింది.

"అమ్మా, కూర్చోండి, మీ వంతు రాలేదు" అని తర్జుమా అమ్మాయి మెల్లగా అంది.

"వంతు రాదు తల్లీ. మాకు ఎప్పుడూ రాదు." ఉనైసి జడ్జినే చూస్తోంది. "ఆవిడతో చెప్పు. హోటల్లో వీళ్ళు మాకు దంతం ఇచ్చారు. ఇచ్చింది ఈయన చేతుల్లో. అందుకున్నాడు కాబట్టి ఈయన నోరు కట్టేసుకున్నాడు. ఆ నోరు విప్పమని ఎవరూ అడగొద్దు, ఆయన తట్టుకోలేడు. నా చేతుల్లో ఎవరూ ఏమీ పెట్టలేదు. ఆడవాళ్ళ చేతుల్లో పెట్టరు. నేను గోడ వారగా కూర్చున్నాను."

వైసాకే తల తిప్పి భార్యని చూశాడు. ఆపుతాడేమో అని ఆమె ఒక్క క్షణం ఆగింది. అతను కుర్చీ చేతుల మీంచి పట్టు వదిలి, కళ్ళు దించుకున్నాడు.

చివరి వరసలో కలియోవా లేచి తలుపు దాకా వెళ్ళాడు. వెళ్ళిపోలేదు. అక్కడే నిలబడ్డాడు.

జడ్జి లాయర్లతో ఏదో మాట్లాడింది. హాలొవే లాయరు లేచి గట్టిగా ఏదో అన్నాడు, ఆవిడ చేత్తోనే కూర్చోమంది. తర్వాత బైబిలు తెప్పించింది. ఉనైసి చెయ్యి పెట్టి ప్రమాణం చేసింది.

"ఆ సందేశాలు మీరు విన్నారా?"

"రోజూ పొద్దున. ఏడాది."

"గుర్తున్నంతవరకూ చెప్పండి."

"గుర్తున్నంతవరకూ కాదు. ఉన్నంతవరకూ చెప్తాను. తర్వాత బండి తాళంచెవులు ఎవరి జేబులో ఉన్నాయో చెప్తాను. కదపొద్దని ఎవరన్నారో చెప్తాను." ఆమె నడుముకి ఉన్న చాపని సర్దుకుంది. గొంతు సవరించుకుని, కొడుకు ఎక్కడ ఊపిరి తీసుకున్నాడో అక్కడే తీసుకుంటూ మంగళవారం చెప్పింది. కంగారు పడకండి అన్నది కూడా చెప్పింది. గుడి మీద రేకులు వేశారా అని అడిగినది కూడా వదల్లేదు.

తర్జుమా అమ్మాయి రెండు వాక్యాలు ఇంగ్లీషులోకి తెచ్చింది. మూడోది తేలేకపోయింది. గ్లాసు అందుకుని మంచినీళ్ళు తాగింది.

ఉనైసి ఆమె తాగడం అయ్యేదాకా ఆగింది. తర్వాత బుధవారం చెప్పింది.